పదిహేడున్నర డిగ్రీల వంపు

1998 చివర్లో మా సంస్థ నన్ను డెప్యుటేషన్ మీద మాదాపూర్‌కు పంపింది. మాది ప్రభుత్వ పరికరాల సంస్థ. అందులో నేను సూక్ష్మ యంత్రభాగాల విభాగంలో సీనియర్ ఇంజనీరుని. సంస్థ నగరానికి ఆ కొసన ఉంటే, మాదాపూర్ ఈ కొసన. అప్పటికి అక్కడ బండలు పేల్చే చప్పుడు ఇంకా ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ సైరన్ మోగేది, తర్వాత నేల కాస్త అదిరేది, గాజు కిటికీలు గలగలమనేవి. కొత్తగా లేచిన ఒక భవనం అయిదో అంతస్తులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. ఆ కంపెనీ, మా సంస్థ కలిసి ఒక పథకం తలపెట్టాయి.

వికారాబాద్ దాటాక ఒక గుట్ట మీద దూరదర్శిని నిలపాలి. దాన్ని నడపడానికి అక్కడ ఇంజనీరు ఉండకూడదు. మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఫోను లైను ద్వారా ఆదేశాలు పంపితే గుట్ట మీది గది పైకప్పు పక్కకు జరగాలి, దూరదర్శిని అడిగిన నక్షత్రం వైపు తిరగాలి, కెమెరా తీసిన చిత్రం మళ్లీ అదే లైను మీద రావాలి. ఇప్పుడు కాలేజీ పిల్లలు కూడా చేస్తున్న పని ఇది. ఆ రోజుల్లో మన దేశంలో దాన్ని చేసి చూసినవాళ్లు నాకు తెలిసి లేరు.

ఇందులో నాకు అప్పగించిన పని మౌంట్ ఎంపిక. దూరదర్శినిని మోస్తూ తిప్పే యంత్రాన్ని మౌంట్ అంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా గొట్టాన్ని, అద్దాన్ని మెచ్చుకుంటారు. ఫోటో నాణ్యత మాత్రం మౌంట్ చేతిలో ఉంటుంది. భూమి తిరుగుతుంటుంది కనుక నక్షత్రాలు జరుగుతున్నట్టు కనిపిస్తాయి. కెమెరా నిమిషాల తరబడి కన్ను తెరిచి ఉంచాలంటే మౌంట్ భూమికి ఎదురుగా, అదే వేగంతో, వెంట్రుకవాసి తేడా లేకుండా తిరుగుతుండాలి. అందుకోసం దాని ప్రధాన ఇరుసును ధ్రువనక్షత్రం వైపు గురిపెడతారు. ఏ ఊళ్లో అయినా ధ్రువనక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి సమానం. హైదరాబాద్ ప్రాంతంలో అది పదిహేడున్నర డిగ్రీలు. అంటే మన దగ్గర ఆ ఇరుసు దాదాపు పడుకుని ఉంటుంది. యూరప్‌లో సగం లేచి నిలబడుతుంది. ఈ ఒక్క విషయం మీదే నా కథంతా నడిచింది.

మనిషి దగ్గరుండి నడిపే మౌంట్ వేరు, మనిషి లేని చోట పెట్టేది వేరు. దగ్గర మనిషి ఉంటే తీగ చుట్టుకుంటే విప్పుతాడు, గొట్టం దేనికో తగలబోతే చేయి అడ్డం పెడతాడు. మనిషి లేనప్పుడు ఆ తెలివంతా ఎంపికలోనే ఉండాలి.

మా ముందు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది ఒక యూరప్ కంపెనీ తయారుచేసే జర్మన్ పద్ధతి మౌంట్. ఒకే స్తంభం మీద కూర్చుంటుంది. ఇరుసుకు ఒక వైపు గొట్టం, ఇంకో వైపు కడ్డీకి తొడిగిన ఎదురు బరువు ఉంటాయి. చక్కటి పనితనం. దానికి ఒక అలవాటు ఉంది. నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే ఊహారేఖను నక్షత్రం దాటగానే గొట్టాన్ని స్తంభానికి రెండో వైపుకు మార్చుకోవాలి. దాన్ని మేం పల్టీ అనేవాళ్లం. పల్టీ కొట్టేటప్పుడు ఎదురు బరువు కింద నుంచి, స్తంభం పక్కగా దాటి పోతుంది. 

రెండోది మా సంస్థలోనే వసుంధర గీసిన కాడి మౌంట్. రెండు చిన్న స్తంభాల మీద ఎద్దుల మెడ మీది కాడిలా ఒక చట్రం అటూ ఇటూ ఆని ఉంటుంది. గొట్టం ఆ చట్రం మధ్యలో ఊగుతుంది. పల్టీ అక్కర్లేదు, ఎదురు బరువూ లేదు. ఇరుసు పడుకుని ఉండే మన అక్షాంశానికి ఇది అతికినట్టు సరిపోతుంది. ఆకాశంలో ధ్రువం చుట్టుపక్కల కొంత భాగం చట్రానికి అడ్డుపడుతుంది. మన దగ్గర ఆ భాగం ఎలాగూ చెట్ల ఎత్తున మసకలో ఉంటుంది కనుక పెద్ద నష్టం లేదు.

వసుంధరది తెనాలి. కూకట్‌పల్లి నుంచి స్కూటర్ మీద వచ్చేది. కాంట్రాక్టు మీద ఉన్న డిజైన్ ఇంజనీరు. మా సంస్థలో కాంట్రాక్టువాళ్లను పర్మనెంటు చెయ్యాలంటే వాళ్ల పేరు మీద ఒక పరికరం పూర్తయి, పరీక్ష నెగ్గి ఉండాలి. ఆమె పేరు మీద కాడి తప్ప ఇంకోటి లేదు. ఆ సంవత్సరం దాటితే కాంట్రాక్టు పొడిగించే వీలు కూడా లేదు. ఈ సంగతి నాకు తెలుసు. ఆమె పై అధికారిని నేనే.

ఇక నా సంగతి చెప్పాలి. విదేశీ యంత్రాలు కొనేటప్పుడు ప్రీ డిస్పాచ్ ఇన్‌స్పెక్షన్ అని ఒక షరతు ఉంటుంది. సరుకు ఓడెక్కక ముందే కొనేవాళ్ల మనిషి తయారీ చోటికి పోయి, యంత్రాన్ని నడిపించి చూసి, సంతకం పెట్టి రావాలి. షరతు మంచిదే. మా సంస్థలో దాన్ని అందరూ ‘క్షేత్రం’ అనేవాళ్లు. ఫలానా ఆయన క్షేత్రం వెళ్లొచ్చాడంటే, ప్రసాదం కింద చాక్లెట్లు పంచుతాడని అర్థం. నాకంటే వెనక చేరినవాళ్లు రెండేసి క్షేత్రాలు చేసొచ్చారు. నేను పాస్‌పోర్టు తీసుకుని ఏళ్లయింది. ఒక్క పేజీ మీద కూడా ముద్ర పడలేదు. కాడి మౌంట్ ఎంచుకుంటే అది బాలానగర్ షెడ్డులో తయారవుతుంది. దాన్ని చూడ్డానికి సిటీ బస్సులో పోయిరావచ్చు.

అప్పుడు నన్నెవరైనా నిలదీస్తే, నా మనసులో ప్రయాణం లేదని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఆ ప్రమాణం నేను నమ్మి చేసేవాణ్ణి కూడా. అందుకే దాన్ని ఇప్పుడు విడిగా రాస్తున్నాను.

ఎంపిక సంఘానికి నేను సభ్య కార్యదర్శిని. అంటే యంత్రానికి ఉండాల్సిన లక్షణాలు రాసేది నేనే, పోల్చి చూపించేది నేనే. ఆ లక్షణాల్లో నేను ఒక వాక్యం చేర్చాను. ‘ఈ మౌంట్ ఇప్పటికే కనీసం మూడు చోట్ల పనిచేస్తూ ఉండాలి.’ వినడానికి ఎంతో జాగ్రత్తపరుడు రాసినట్టుంటుంది. ఆ ఒక్క వాక్యంతో కాడి పోటీలో నుంచి తప్పుకుంది. ఇంకా కట్టని యంత్రం మూడు చోట్ల ఎలా పనిచేస్తుంది?

కంపెనీ తరఫున సంఘంలో నర్సింగరావు ఉండేవాడు. సిద్దిపేట మనిషి, ప్రాజెక్టు మేనేజరు. గలగలా మాట్లాడేవాడు, మనసులో ఏదీ దాచుకునేవాడు కాదు.

“సార్, గీ కాడి, నాగలి ముచ్చట నాకు సమజ్ గాదు గని, మా పిలగాండ్లకు డబ్బ ఇప్పంగనే తిరిగేది గావాలె. ఇంకో ఏడాది ఆగుమంటే మా పెద్దసారు నన్ను గుట్ట మీదికెళ్లి నూకుతడు,” అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అదే అదనుగా, కాడి ఇంకా కాగితం మీదే ఉందని చెప్పాను. అది పూర్తి నిజం కాదు. సగం కొలతతో ఉక్కు నమూనా ఒకటి వసుంధర అప్పటికే మా వర్క్‌షాపులో నిలబెట్టింది. ఒక్క వేలితో తోస్తే తిరిగి, వదిలిన చోట ఆగేది. ఆ సమావేశం మా సంస్థలోనే జరిగింది, గది నుంచి మెట్లు దిగితే వర్క్‌షాపే. మధ్యలో సంఘాన్ని కిందికి తీసుకుపోయి చూపిస్తానని ఆమెకు ముందు రోజు మాటిచ్చాను. ఆ సమయానికి టీ, మిర్చి బజ్జీలు వచ్చాయి. నేను లేవలేదు.

సాయంత్రం వరండాలో ఎదురైంది. చేతులకు గ్రీజు ఉంది. నమూనాను తుడిచి సిద్ధంగా పెట్టుకుని మధ్యాహ్నమంతా కింద నిలబడిందని అప్పుడు అర్థమైంది.

“మోడల్ చూపిస్తామన్నారు కదండీ?”

“టైం చాల్లేదమ్మా. వచ్చేసారి చూపిద్దాం.”

“వచ్చేసారికి నేనుండాలి కదండీ,” అని నవ్వేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

మర్నాడు ఏమీ జరగనట్టే పనిలోకి వచ్చింది. యూరప్ మౌంట్‌కు కావలసిన వంపు పలక తయారుచేసే పని నేను ఆమెకే ఇచ్చాను. ఆ మౌంట్ తన మరలతో ఎంత వంచినా పదిహేడున్నర డిగ్రీల దాకా దిగదు. అది వాళ్ల దేశాల కోసం చేసింది. దాని కింద ఏటవాలు ఉక్కు పలక వేసి మిగిలిన వంపు తేవాలి. ఈ పలక బాగా కుదిరితే ఆమె పేరు మీద ఒక పరికరం కింద లెక్క వేయిస్తానని నేనే ఆశ పెట్టాను. 

1999లో వానలు వెనకపట్టాక క్షేత్రం వెళ్లాను. చిన్న ఊరు, సరస్సు ఒడ్డున ఫ్యాక్టరీ. నాకు యంత్రం చూపించిన టెక్నీషియన్ నెరిసిన మీసాలాయన, తక్కువ మాటల మనిషి. మౌంట్‌ను వాళ్ల ఊరి అక్షాంశానికి, అంటే నలభై ఎనిమిది డిగ్రీల దగ్గర బిగించి నడిపించాడు. పల్టీ కొట్టించాడు. ఎదురు బరువు స్తంభానికి మూరెడు దూరంలో నుంచి హాయిగా దాటిపోయింది. పరీక్ష పట్టికలో అన్ని గళ్లూ నిండాయి. తర్వాత ఆయన నన్ను మీ ఊరి అక్షాంశం ఎంత అని అడిగాడు. చెప్పాను. కాసేపు మౌంట్ వైపు చూసి, కావాలంటే ఆ వంపులో పెట్టి మళ్లీ తిప్పి చూపిస్తాను, బరువులు దించి కింద ఆధారం కట్టాలి, మధ్యాహ్నమంతా పడుతుంది అన్నాడు.

ఆ మధ్యాహ్నం సరస్సు మీద పడవ షికారుకు హోటల్‌వాళ్లు నాకు టికెట్టు కొనిపెట్టారు. మర్నాడు పొద్దున్నే నా విమానం. అక్కర్లేదు, మా ఇంజనీరు పలక చేస్తోంది అని చెప్పి సంతకం పెట్టాను. ఆయన భుజాలు ఎగరేసి కలం మూత పెట్టుకున్నాడు.

ఇరుసు పడుకునే కొద్దీ ఎదురు బరువు కడ్డీ కింది వైపుకు వచ్చినప్పుడు స్తంభానికి దగ్గరవుతుంది. ఇది కాగితం మీద రెండు గీతలు గీస్తే తెలిసే సంగతి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం జామెట్రీ చాలు. నాకు తెలియక కాదు. ఎంత దగ్గరవుతుందన్నది అసలు యంత్రం మీద చూడాలి. దానికే నన్ను అంత దూరం పంపారు.

తిరిగొచ్చి చాక్లెట్లు పంచాను. వసుంధర ఒకటి తీసుకుని అడిగిన మొదటి మాట ఇది.

“మన వంపులో పెట్టి తిప్పి చూశారా అండీ?”

“చూశాం. తగలకుండా దాటింది,” అన్నాను.

నేను అంతకుముందు ఉద్యోగంలో అబద్ధం ఆడలేదని చెప్పను. కానీ కొలతకు సంబంధించి ఆడినది అదే మొదటిది. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అన్నాక నాకే అది నిజమనిపించింది. ఆమె సరేనని తల ఊపి, తగలకుండా దాటిందన్న నా మాటను ఆధారం చేసుకుని పలక కొలతలు ఖాయం చేసింది.

డిసెంబరు మొదట్లో గుట్ట మీద బిగించాం. స్తంభాన్ని సివిల్ విభాగంవాళ్లు తమ అలవాటు చొప్పున బురుజంత లావు కట్టారు. మొదటిసారి నెమ్మదిగా పల్టీ కొట్టిస్తుంటే వసుంధర మోకాళ్ల మీద కూర్చుని సందు చూసింది. ఎదురు బరువుకు, స్తంభానికి మధ్య రెండు వేళ్లు పట్టాయి.

“అక్కడ కూడా ఇంతే సందు వచ్చిందా అండీ?”

“అక్కడ ఇంకాస్త ఎక్కువే ఉంది.”

ఆమె లేచి, కడ్డీ మీద బరువు ఆగిన చోట ఎర్ర రంగుతో గీత గీసింది. స్తంభం ఉత్తరపు ముఖాన్ని కొంత చెక్కించాలంది. సివిల్‌వాళ్లు మాదాపూర్‌లో పెట్టబోయే ప్రదర్శన అయ్యాక చూద్దామన్నారు. “అంతవరకూ బరువు ఈ గీత దాటి జారకూడదండీ. ఎవరు జరిపినా నాకు చెప్పాలి,” అంది. ఆ మాట నాకూ, కాపలా మల్లేశుకూ కలిపి చెప్పింది.

మల్లేశుది ఆ గుట్ట కింది తండా పక్క ఊరు. గదికి కాపలా, కుక్కలు, మేకలు రాకుండా చూడటం అతని పని. ఇంజనీరు లేకుండా నడవాల్సిన యంత్రం కనుక అతనికి నేను ఒకటే చెప్పాను. ఏం జరిగినా దేన్నీ ముట్టుకోవద్దు. కొంచెం గట్టిగానే చెప్పాను. గదిలో ఉన్నది ఒకటే ఫోను లైను. కంప్యూటర్ మాట్లాడేటప్పుడు దాని మీద మనిషి మాట్లాడే వీలు లేదు. అప్పట్లో అది మాకు పెద్ద లోపంగా తోచలేదు.

ప్రదర్శన నెల మధ్యలో పెట్టారు. అయిదో అంతస్తులో పెద్ద తెర, పూలు, ఒక ముఖ్య అతిథి. చీకటి పడగానే ఆండ్రోమెడా గెలాక్సీని, మనవాళ్లు దేవయాని అంటారు, అందరి ఎదుట ఫోటో తీయాలి. డిసెంబరు మధ్యలో చీకటి పడిన కాసేపటికి అది నడినెత్తి రేఖను దాటుతుంది. దాటక ముందే తీసేస్తే పల్టీతో పని లేదు.

ఆ పొద్దున నర్సింగరావు ఇంకో కెమెరా పంపాడు. పెద్ద తెర మీద చిత్రం చిన్నగా ఉంటుందని వాళ్ల పెద్దసారు అన్నాడట. అది బిగించడానికి నేనొక్కణ్ణే జీపులో గుట్టకు పోయాను. వసుంధర మాదాపూర్‌లో కంప్యూటర్ దగ్గర ఉంది. కెమెరా బరువైనది. బిగించాక గొట్టం వైపు తూగింది. తూకం తప్పితే మోటారు సరిగా లాగలేదు. అదనపు బరువు బిళ్ల దగ్గర లేదు. ఉన్న బరువునే కడ్డీ కొసకు జరిపాను. ఎర్ర గీత దాటింది. మల్లేశు చూస్తున్నాడు.

“సారూ, అమ్మ గీత దాటొద్దన్నది గద?”

“ఈ ఒక్క పూటకే. రేపు సరిచేస్తాం.”

“మరి అమ్మకు చెప్తరా?”

“నేను చెబుతాలే.”

చెప్పలేదు. సాయంత్రం హాలులోకి రాగానే ఆమె అంతా సరేనా అండీ అని అడిగింది. సరే అన్నాను. చెబితే ఆమె ప్రదర్శన ఆపమంటుందని తెలుసు. ఫోటో రేఖ దాటక ముందే అయిపోతుందని నన్ను నేను ఒప్పించుకున్నాను.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. జూబ్లీహిల్స్ దగ్గర ఏదో ప్రారంభోత్సవం ముగించుకుని వచ్చేసరికి దేవయాని రేఖ దగ్గరకు చేరింది. దీపం వెలిగించి, శాలువా కప్పి, రెండు ప్రసంగాలు అయ్యేసరికి దాటింది. ప్రోగ్రాంలో రాసినట్టే మౌంట్‌కు పల్టీ ఆదేశం తనంతట తాను వెళ్లింది. తెర మీద అంకెలు సాఫీగా మారుతూ పోయాయి. ఆ అంకెలు మోటారు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేవి. ఇరుసు నిజంగా ఎక్కడుందో కొలిచే పరికరం ఆ మౌంట్‌లో లేదు. దాన్ని అదనంగా కొనాలి. నేను లక్షణాల్లో రాయలేదు. అందువల్ల తెర మీద అంతా పచ్చగా ఉంది.

చిత్రం వచ్చింది. బూడిదరంగు మీద వంకర గీతలు.

వసుంధర నా పక్కకు వంగి, “సార్, గొట్టం కదుల్తోందండీ. ఎక్కడో తట్టుకుంటోంది. ఆపేస్తాను,” అంది.

ఆపితే తెర మీద పెద్ద అక్షరాల్లో ఎర్రగా వస్తుంది. “అతిథి వెళ్లేదాకా ఆగు,” అన్నాను.

“అంతసేపా అండీ?”

“ఆగమన్నాను కదా.”

ఆమె కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. నర్సింగరావు మా ముఖాలు చూసి దగ్గరకు వచ్చాడు. “ఫికర్ జెయ్యకుండ్రి సార్. పోయిన వారం తీసినది ఉన్నది గద, గదే ఏస్త. ఆయనకేం ఎరుక, సుక్కలు ఇయ్యాలవా నిన్నటియా అని,” అన్నాడు. ఆ ఫోటో వేశారు. హాలంతా చప్పట్లు. అతిథి ముచ్చటపడి ఇంకాసేపు కూర్చుని టీ తాగాడు.

ఆయన లిఫ్టు ఎక్కాక లైను తెంపాం. తెంపిన మరుక్షణం ఫోను మోగింది. మల్లేశు.

“సారూ, గిప్పుడు కలిసింది. అరగంట సంది కొట్టుకుంటనే ఉన్నది సారూ! ఎటో పోవాల్నంటది, బురుజు అడ్డమొస్తది. కిర్రు కిర్రుమంటుంది.”

“మరి ఆపలేదేం?”

“ముట్టొద్దన్నరు గద, ముట్టలే. బయట నిలబడి సూసిన. ఏం జెయ్యాలె చెప్పుండ్రి.”

గోడ మీది స్విచ్చు ఆపమన్నాను. ఏ స్విచ్చో అతనికి తెలియదు. నేనెప్పుడూ చూపించలేదు. ఫోనులోనే వెతికించి ఆపించాను.

మర్నాడు వసుంధరా నేనూ పోయి చూస్తే స్తంభం కింద పసుపు చల్లినట్టు కంచు పొడి ఉంది. మౌంట్‌ను నడిపే పెద్ద పళ్ల చక్రం కంచుది, దాన్ని తిప్పే మర ఉక్కుది. బరువు స్తంభానికి ఆని ఆగిపోతే, మోటారు ఆగకుండా మరను తిప్పింది. కంచు పళ్లు అరిగిపోయాయి. కొత్త చక్రం యూరప్ నుంచి రావడానికి వేసవి దాటుతుంది.

ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. నన్ను పిలిచి కారణం చెప్పమన్నారు. నేను చెప్పింది ఒక్క వాక్యం. ‘వంపు పలక మీద బిగించినప్పుడు ఎదురు బరువుకు, స్తంభానికి మధ్య తగినంత సందు మిగల్లేదు.’ అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఎందుకు మిగల్లేదో చెప్పలేదు. బరువు జరిపానని చెప్పలేదు. ఫ్యాక్టరీలో తిప్పి చూడలేదని చెప్పలేదు. పలక గీసినవారు ఎవరని అడిగారు. పేరు చెప్పాను. కాంట్రాక్టువాళ్లను విచారణకు పిలిచే ఆనవాయితీ మా దగ్గర లేదు. వాళ్ల తరఫున పై అధికారి మాట్లాడాలి. ఆ అధికారిని నేనే.

వసుంధర కాంట్రాక్టు మార్చితో ముగిసింది. పలకను ఆమె పరికరంగా లెక్క వేయించలేదు. లెక్క వేస్తే, విరిగిన పరికరంగానే వెయ్యాలి. వెళ్లే రోజు నా గదికి వచ్చి తాళాలు, కొలత పరికరాలు అప్పజెప్పింది. నేను ఏదో అనబోయాను. ఆమె అననివ్వలేదు.

“కాడి మోడల్‌ను తూకానికి వేస్తారటండీ. వేసే ముందు బేరింగులు ఊడదీసి ఉంచమనండి. మంచివి. ఇంకెక్కడైనా పనికొస్తాయి.”

నేను ఊడదీయించలేదు. జ్ఞాపకం వచ్చేసరికి లారీ పోయింది.

కొత్త చక్రం వచ్చింది. స్తంభాన్ని చెక్కించాం. నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. పల్టీ కొట్టే సమయానికి ఒక మనిషి దగ్గరుండి చూడాలని నియమం పెట్టారు. మనిషి అక్కర్లేని యంత్రం కోసం కొన్న మౌంట్‌కు మనిషి కాపలా. రెండేళ్లు అలా నడిచింది. తర్వాత కంపెనీకి ఆసక్తి పోయింది. ఈలోగా నాకు ప్రమోషన్ వచ్చింది. నా సర్వీసు రికార్డులో ఆ పథకం విజయాల కింద ఉంది.

రిటైరయ్యే సంవత్సరంలో బాలానగర్‌లో ఒక షెడ్డుకు పనిమీద వెళ్లాను. యాంటెన్నాలను తిప్పే పీఠాలు చేస్తారని ఎవరో చెప్పారు. యజమాని వసుంధర అని లోపలికి వెళ్లాకే తెలిసింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. కూర్చోమంది, టీ తెప్పించింది. పని మాట్లాడుకోవడం అయ్యాక, ఇక మళ్లీ అవకాశం రాదనిపించి, ఆ పొద్దున గీత దాటించింది నేనేనని చెప్పాను.

“తెలుసండీ. మర్నాడు జీపు దిగగానే చూశాను. బరువు గీతకు అవతల ఉంది.”

“మరి ఎవరికీ చెప్పలేదే?”

“ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నానండీ. అడగలేదు. కావాలంటే మీరు నన్ను విచారణకు పిలిపించి ఉండొచ్చు. పిలిపించలేదు. అయినా దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. హడావిడిలో ఎవరైనా జరుపుతారు. నన్ను తొలిచింది వేరే. ఫ్యాక్టరీలో మన వంపులో తగలకుండా దాటిందన్నారు కదా, ఇక్కడ రెండు వేళ్లకు వచ్చిందంటే నా లెక్కలోనే తప్పుందనుకున్నాను. చాలాకాలం ఆ పలకను మళ్లీ మళ్లీ గీసి చూసుకున్నానండీ. ఎక్కడ తప్పానో దొరకలేదు.”

“అక్కడ తిప్పి చూడలేదమ్మా. అబద్ధం చెప్పాను.”

షెడ్డులో ఎవరో లేత్ ఆపారు. “అయితే పలక సరైందేనన్నమాట,” అంది. అది నన్ను అడిగిన మాట కాదు. తర్వాత లేచి, లేత్ ఎందుకు ఆగిందో చూడటానికి వెళ్లింది. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవారికి ఆ పథకం నుంచి చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. మనిషి లేని చోట పెట్టే మౌంట్‌ను ఎంచుకునేటప్పుడు మొదట మీ అక్షాంశం చూడండి. ఆ వంపులోనే, పూర్తి బరువుతోనే తిప్పి చూడండి. ఇరుసు ఎక్కడుందో ఇరుసే చెప్పే ఏర్పాటు ఉండాలి. మోటారు మాట సరిపోదు. దేనికైనా ఆనుకుంటే తనంతట తాను ఆగాలి. దగ్గరున్న కాపలా మనిషికి స్విచ్చు చూపించాలి. ఎంపికలో ఒక వైపు తనకు లాభం ఉన్నవాడు ఆ ఎంపిక చెయ్యకూడదు. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. నాకూ అప్పుడే తెలుసు.

నేను కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే. మా పనిలో ఒకరి కొలత మీద ఇంకొకరు గీస్తారు. చూడకుండా చూశానన్న కొలత యంత్రాన్ని ఒకసారే విరగ్గొడుతుంది. దాన్ని నమ్మి గీసిన మనిషి తన లెక్కల్లో లేని తప్పును ఏళ్ల తరబడి వెతుక్కుంటూ ఉంటుంది.